మడమకూ నేలకూ మధ్య మూడు రోజులు

నవంబరు పద్నాలుగు, శుక్రవారం. రాజమండ్రి స్టేషన్లో తెనాలి వైపు వెళ్లే రైలు కోసం నిలబడి ఉండగా, పక్కన పూలబుట్టతో ఉన్న ఒకావిడ అడిగింది, "కార్తీకమాసం కదా, మనవరాలితో ఏ క్షేత్రానికండీ ప్రయాణం?" అని. నేను నోరు తెరిచే లోపే మనవరాలు జవాబు చెప్పేసింది.

"క్షేత్రానికి కాదండి. కాళ్లు చూడ్డానికి."

"ఎవరి కాళ్లమ్మా?"

"తెనాల్లో రెండు, బాపట్లలో రెండు, రేపల్లెలో రెండు. మొత్తం ఆరు."

లెక్క సరిగ్గానే ఉంది కనుక నేనేమీ సరిదిద్దలేదు.

మనవరాలి పేరు హాసిని. నా కూతురి కూతురు. ఏడేళ్ల నాలుగు నెలలు. నాకు డెబ్బై మూడు. హాసిని ఏడో నెలలోనే పుట్టింది. మెదడు నుంచి కాళ్లకు వెళ్లే ఆజ్ఞల దారి అప్పుడే దెబ్బతింది. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. తెలివికి లోటేమీ లేదు, మాటైతే ఇద్దరి వంతు వచ్చింది. కాళ్లు మాత్రం ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. వేళ్ల మీద నిలబడుతుంది, నడిస్తే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని నడుస్తుంది.

అక్టోబరులో ఇద్దరు డాక్టర్లకు చూపించాం. మా ఊళ్లో చూసినాయన, మడమ వెనక తాడులా ఉండే స్నాయువు కురచైపోయింది, చిన్న కోతతో దాన్ని పొడిగిద్దాం, మడమ నేలకు దిగుతుంది అన్నారు. పెద్ద ఊళ్లో చూసినావిడ మాత్రం, నడుం దగ్గర నరాల మొదళ్లలో కొన్నిటిని కత్తిరిస్తే బిగువే తగ్గుతుంది, కానీ అది పెద్ద ఆపరేషను, తర్వాత నెలల తరబడి వ్యాయామాలు చేయించాలి, మరోసారి పరీక్షించి గానీ చెప్పలేను అన్నారు. మొదటి ఆపరేషనుకు ఒప్పుకుంటున్నామో లేదో పదిహేడో తేదీ సోమవారం పది గంటల్లోగా చెప్పాలి. ఇంట్లో మాట తెగలేదు.

మా అల్లుడిది మొదటి పక్షం. "అత్తయ్యగారూ, మీ నోట్‌బుక్‌లోనే ఉంది కదండీ. మడమ ఏటికేడు పైకి పోతోంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

నోట్‌బుక్ సంగతి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లు సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైనదాన్ని. కొలవకుండా ఉండలేను. హాసినికి మూడేళ్లు నిండిన మరుసటి నెల నుంచి, ప్రతి ఒకటో తేదీన దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి, "నిటారుగా ఉండు, కదలకు" అని, మడమకూ నేలకూ మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి రాస్తున్నాను. యాభై రెండు కొలతలు. మొదటిది రెండు సెంటీమీటర్లు, చివరిది అయిదు.

మా అమ్మాయి చంటిబిడ్డతో ఉంది, కదల్లేదు. "అమ్మా, ఆపరేషనైన పిల్లల్ని నువ్వెళ్లి కళ్లారా చూసిరా. నువ్వు ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ" అంది. అల్లుడు కూడా సరేనన్నాడు. హాసినికి వ్యాయామాలు చేయించే అమ్మాయిది తెనాలి. తనకు తెలిసిన మూడు కుటుంబాల ఫోన్ నంబర్లు ఇచ్చింది. అలా పడింది ఈ ప్రయాణం. ఇలాంటి పిల్లలున్న ఇళ్లవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

తెనాలిలో నాలుగో కాలు

తెనాలిలో రైలు దిగుతూనే మొదటి దెబ్బ. వాకర్ కాలికి ఉండే రబ్బరు తొడుగొకటి ఊడి, పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందులో పడిపోయింది. మూడు కాళ్లు మెత్తగా, నాలుగోది టకటకమంటూ వాకర్ ఒక పక్కకు లాగేయడం మొదలెట్టింది.

స్టేషను బయట ఒక సైకిల్ షాపాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. విషయం చెప్పాను.

"ఇటివ్వండి మామ్మగారూ. దీనికేం భాగ్యం?" అని వాకర్ను తలకిందులు చేశాడు. "మీది గోదావరి వైపా?"

"ఆయ్" అంది హాసిని.

"ఆ ముక్కతోనే తెలిసిపోయిందిలే" అని నవ్వాడాయన. పాత టైరులోంచి ముక్క కోసి, సెగ చూపించి, గొట్టం చివర బిగించాడు. నేను టేపు తీసి చూస్తే మిగతా మూడిటి కంటే అర సెంటీమీటరు ఎత్తుంది. ఆ మాటే చెప్పాను.

"అర సెంటీమీటరుకే వంకా? పిల్ల నడవనీండి, అరిగిపోద్ది."

"అరిగేదాకా పిల్ల పక్కకి పోతుంది కదండీ."

ఆయన నా వంకా టేపు వంకా చూసి, ఊడదీసి మళ్లీ కోశాడు. ఈసారి సరిపోయింది. "తోలి చూడమ్మా. బ్రేకుల్లేవు, జాగర్త" అన్నాడు హాసినితో. అది షాపు ముందు రెండు చుట్లు కొట్టి, "లాగట్లేదు తాతా" అని సర్టిఫికెట్టిచ్చింది. డబ్బు తీసుకోలేదు, టీ కూడా తెప్పించాడు.

మేం వెళ్లిన ఇల్లు కాలవ గట్టు దగ్గర. తల్లి పేరు శారద, టీచరు. కూతురు వైష్ణవికి పన్నెండేళ్లు. బాలల దినోత్సవం గనుక బళ్లో భారతమాత వేషం వేసి, కిరీటంతోనే ఇంటికొచ్చింది. తన బళ్లో పద్యం చెప్పే అవకాశం ఈ ప్రయాణం వల్ల పోయిందని హాసిని అప్పటికే రెండుసార్లు దెప్పింది నన్ను. ఆ కిరీటం చూశాక మూడోసారి దెప్పింది.

వైష్ణవి వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించింది. కాస్త ఊగుతూ, కానీ మడమలు ఆనించి. టేపు పెడితే సున్నా. తొమ్మిదో ఏట మడమ స్నాయువులు పొడిగించారట. ఆరు వారాలు కట్లు, తర్వాత స్ప్లింట్లు, అంటే పాదం జారకుండా కాలికి తొడిగే ప్లాస్టిక్ పట్టీలు.

"భయపడలేదా అమ్మా?" అనడిగాను శారదను.

"భయమెందుకు లేదండీ. కానీ మా పిల్లకి స్నాయువు నిజంగానే కురచైపోయింది. మెలకువలోనే కాదు, నిద్రలో కూడా పాదం దిగేది కాదు. దుప్పటి కప్పితే వేళ్లు గుడారం గుంజల్లా పొడుచుకుని ఉండేవి. అప్పుడింక ఆలోచించలేదు."

ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో ఆ పూట నాకే తెలియదు. విన్నది రాయడం నా అలవాటు, అంతే.

భోజనంలో తేడా చెప్పాలి. మా వైపు మొదటి ముద్ద పప్పుతో. వీళ్లు మొదట కారప్పొడి వడ్డించి, దాని మీద నెయ్యి పోస్తారు. కార్తీకమాసం గనుక నేను ఉల్లి, వెల్లుల్లి ముట్టనని మొహమాటపడుతూ చెబితే, "మాకూ అంతేనండి, ఈ నెలంతా వెల్లుల్లి లేని పొడే" అంది శారద. వెల్లుల్లి లేకపోయినా ఆ కారం కారమే. హాసిని ఒక ముద్ద తిని, కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు కారుతుండగా, "బాగుంది" అని రెండో ముద్దకు చేయి చాపింది. తర్వాత బెల్లం జిలేబి రెండు ముక్కలు తిన్నాక గానీ నోరు చల్లబడలేదు.

ఆ రోజు నోట్‌బుక్‌లో చివరి వాక్యం: "మొదటి డాక్టరు చెప్పిందే నయమేమో."

బాపట్లలో టీసీ పుచ్చుకున్న నరాలు

మర్నాడు శనివారం. తొమ్మిదింటికల్లా బాపట్లలో జాహ్నవి ఇంట్లో ఉన్నాం. ఈ పిల్లకు తొమ్మిదేళ్లు. నరాల ఆపరేషనై పద్నాలుగు నెలలు. మేం వెళ్లేసరికి చాప మీద వ్యాయామం నడుస్తోంది. తల్లి నాగలక్ష్మి అంకెలు లెక్కపెడుతోంది, జాహ్నవి కాళ్లెత్తుతోంది. మాకు కుర్చీ చూపించింది గానీ లెక్క ఆపలేదు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

"రోజుకి రెండు పూటలండి. పూటకి నలభై అయిదు నిమిషాలు. పెళ్లయినా పేరంటమైనా ఇది తప్పదు" అంది, పని అయ్యాక.

"ఆ ఆపరేషన్లో ఏం చేస్తారమ్మా?"

"నడుం దగ్గర చిన్న కిటికీ తెరుస్తారండి. అక్కడ నరాల మొదళ్లు పోగులు పోగులుగా ఉంటాయంట. ఒక్కో పోగుకీ సన్నగా కరెంటు తగిలించి చూస్తారు. మామూలుగా ఉన్నవాటిని వదిలేసి, మితిమీరి గోల చేసేవాటినే కత్తిరిస్తారు. ఆ గోల వల్లే కాళ్లు బిగుసుకుంటాయంట."

హాసిని శ్రద్ధగా వింది. "గోల చేసేవాళ్లని క్లాసు బయట నిలబెట్టినట్టా ఆంటీ?"

"బయట నిలబెట్టడం కాదమ్మా" అంది జాహ్నవి, పెద్దరికంగా. "టీసీ ఇచ్చి పంపేయడమే. మళ్లీ రావు."

నాగలక్ష్మి నవ్వి, వెంటనే గంభీరమైంది. "అది మాత్రం నిజం మామ్మగారూ. ఒకసారి కోశాక మళ్లీ అతికించలేరు. అందుకే అందరికీ చెయ్యరు. ఇంకో మాట. చేసిన కొత్తల్లో నేను రోజూ ఏడ్చాను. బిగువు పోయింది, కాళ్లు గుడ్డపేలికల్లా అయిపోయాయి. అప్పటిదాకా ఆ బిగువు మీదే నిలబడిందని తెలీదు మాకు. అసలు బలం ఎంతుందో అప్పుడు బయటపడింది. చాలా తక్కువ. దాన్ని చుక్క చుక్కా పోగుచేస్తున్నాం."

"ఇప్పుడు ఎంత నడుస్తుంది?"

"చేతికర్రతో వీధి చివరిదాకా. ఏమీ పట్టుకోకుండా పదహారు అడుగులు."

జాహ్నవి నడిచింది. లెక్కపెట్టాను. "పద్నాలుగే" అన్నాను.

"మీరు కళ్లజోడు తుడుచుకుంటున్నప్పుడు రెండు వేశాను మామ్మగారూ. మళ్లీ వెయ్యమంటారా?" అంది. మళ్లీ వేసింది. పదహారే. నోట్‌బుక్‌లో దిద్దుకున్నాను.

అక్కణ్నుంచి తల్లీకూతుళ్లతో కలిసి ఆటోలో సముద్రానికి వెళ్లాం. కార్తీకం కనుక స్నానాల జనం బాగానే ఉన్నారు. ఇసుకలో మా వాకర్ పని అయిపోయింది. టైరు ముక్కతో సహా నాలుగు కాళ్లూ కూరుకుపోయి, లాగితే ఒక పట్టాన రాలేదు. చుట్టుపక్కల స్నానాలు చేస్తున్న ముగ్గురాడవాళ్లు, తడి చీరలతోనే వచ్చి, హాసినిని ఒకరు, వాకర్ను ఒకరు, నన్ను ఒకరు పట్టుకుని నీళ్ల దగ్గరకు చేర్చారు. నాకు సాయం అక్కర్లేదని చెప్పినా వినలేదు.

తడి ఇసుకలో జాహ్నవి చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. హాసిని దాని పక్కన కూలబడింది. హాసినికి అలా కూర్చోవడం రాదు. మోకాళ్లు లోపలికి మడిచి, పాదాలు రెండు పక్కలకూ పెట్టి కూర్చుంటుంది. అల వచ్చినప్పుడల్లా హాసిని పక్కకు ఒరిగిపోతోంది, జాహ్నవి కదలడం లేదు. ఏడుసార్లు ఒరిగింది. ఏడుసార్లూ నవ్వింది. కానీ ఎనిమిదో అలకు ముందు జాహ్నవి కాళ్ల వంక చాలాసేపు చూసింది.

చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సు

మధ్యాహ్నం రెండింటికి రేపల్లె బస్సెక్కాం. రెండు పక్కలా కోతకొచ్చిన వరి. మా వైపు కూడా వరే గానీ, ఇక్కడ గట్ల మీద కంది వేస్తారు. ఆకుపచ్చటి అంచున్న పసుపుచీర పరిచినట్టుంటుంది. సముద్రంలో ఆడిన పిల్ల కదా, కర్లపాలెం దాటకముందే నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. తనూ కాళ్లకు తొడుక్కునే స్ప్లింట్లలో ఇసుక ఉందని అంతకుముందే విప్పేశాను.

మా సీటులో కిటికీ పక్కన నగరం అనే ఊళ్లో దిగవలసిన ఒకావిడ ఉంది. కొబ్బరి చీపుళ్లు అమ్ముకుని తిరిగి వెళుతోంది. "ఆ కాళ్లు అట్టా వేలాడితే నొప్పెడతాయి పెద్దమ్మా. ఇట్టా నా ఒళ్లో పెట్టండి" అని, తనే హాసిని కాళ్లు బారుగా చాపి పెట్టుకుంది. అలవాటైన చేత్తో పిక్కలు నొక్కుతూ, కాసేపటికి అంది:

"ఇదేంటి పెద్దమ్మా, ఎక్కేటప్పుడు కొయ్యముక్కల్లా ఉండియ్యి కదా ఈ కాళ్లు. ఇప్పుడు చూడండి, పాదం ఎట్టా వంగుతుందో. తమలపాకులాగా."

చూశాను. ఆవిడ బొటనవేలితో అరికాలిని పైకి తోస్తోంది. పాదం చక్కగా లేస్తోంది. ఎక్కడా ఆగడం లేదు.

శారద మాట గుర్తొచ్చింది: మెలకువలోనే కాదు, నిద్రలో కూడా పాదం దిగేది కాదు.

సంచిలోంచి నోట్‌బుక్ తీశాను. దాని మూల లంబకోణం. ఒక అంచు పిక్కకు, ఒక అంచు అరికాలికి ఆనించాను. మోకాలు చాపే ఉంది. సందు లేదు. పాదం పూర్తిగా లంబకోణానికి వచ్చింది, ఇంకాస్త పైకీ వెళ్లింది. నిలబెడితే మడమ నేలకు ఆనే కోణం అదే. రెండో కాలూ అంతే. అంతలో బస్సు గట్టిగా హారన్ కొట్టింది. నిద్రలోనే పిల్ల ఉలిక్కిపడింది, పాదాలు రెండూ బాణాల్లా సాగిపోయాయి. పది లెక్కపెట్టేలోగా మళ్లీ మెత్తబడ్డాయి. మళ్లీ కొలిచాను. మళ్లీ అంతే.

సర్వేలో మాకు మొదటి నెలలోనే నేర్పే నియమం ఒకటుంది. కొలత గొలుసు లాగుతూ పోయేటప్పుడు ఒక కొలత, తిరిగొచ్చేటప్పుడు ఒక కొలత. రెండూ కలిస్తేనే పటం మీద గీత గీయాలి. తిరుగు కొలత లేని గీతలు పట్టుకొచ్చిన కుర్రవాళ్లను ఎంతమందిని వెనక్కి పంపానో. అలాంటిది, నా మనవరాలి మడమను యాభై రెండుసార్లు ఒక్క వైపు నుంచే కొలిచాను. గోడకు నిలబెట్టి, "కదలకు" అని గదమాయించి. గదమాయిస్తే బిగుసుకునే కాళ్లవి. నిద్రలో ఒక్కసారైనా కొలవలేదు. డాక్టరుగారు చూసిన రోజు కూడా పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. ఆ తర్వాత నేను నా నోట్‌బుక్ గర్వంగా ఆయన ముందు పెట్టాను.

"ఏంటి పెద్దమ్మా, కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు? మంచిదే కదా, మెత్తగా ఉంటే?" అంది చీపుళ్లావిడ.

"మంచిదేనమ్మా. లెక్క తప్పింది, అందుకు."

"తప్పితే దిద్దుకోవచ్చులే" అని, నగరం వచ్చేదాకా ఆ కాళ్లు ఒళ్లోంచి దించలేదు. దిగేటప్పుడు ఒక చీపురు నా చేతిలో పెట్టింది. రాజమండ్రిలో మా వంటింట్లో ఇప్పుడు అదే వాడుతున్నాం.

రేపల్లె తోటలో ఒక బంతి

ఆదివారం, మేం చూడాల్సిన మూడో పిల్ల మాధురి వాళ్ల బంధువుల వనభోజనాలు, ఊరి చివర మామిడితోటలో. "ఇంటికేం వస్తారండి, తోటకే రండి" అని ఫోన్‌లో చెప్పింది మాధురే. పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. మేం చేరేసరికి పులిహోరలో పోపు ఎవరు పెట్టాలో ఆడవాళ్లు వాదించుకుంటుంటే, పీట మీద కూర్చుని తీర్పు చెబుతోంది.

లేచి నడిచినప్పుడు చూశాను. మడమలు నేలకు ఆనాయి. కానీ మోకాళ్లు వంగిపోయి ఉన్నాయి, నిలబడ్డా సగం కూర్చున్నట్టే. నేను చూస్తున్నానని గమనించి తనే చెప్పింది.

"నాకు నాలుగో ఏటే మడమ ఆపరేషన్ చేయించారండి. మడమ దిగిందని మా నాన్న ఊరంతా లడ్లు పంచారంట. ఎదిగేకొద్దీ మోకాళ్లు వంగడం మొదలెట్టాయి. నాకప్పుడు ఉన్నది బిగువే గానీ కురచ కాదని, మడమ పట్టు వదిలేసి మోకాళ్లకి ఆసరా లేకుండా పోయిందని తర్వాత ఒక డాక్టరుగారు చెప్పారు."

"మరి..." అని ఆగిపోయాను.

"జాలి పడకండి మామ్మగారూ. లడ్లు తిన్నవాళ్లు పడాలి జాలి. వాళ్లేమో తిన్నది మర్చిపోయారు." తోటంతా వినపడేలా నవ్వింది. తండ్రి దూరం నుంచి, "మళ్లీ ఆ లడ్ల గొడవేనా తల్లీ?" అన్నాడు.

మా రాజమండ్రి కాలనీ వనభోజనాలకు బల్లలు వేసి, ఎవరికి వారు వడ్డించుకుంటారు. ఇక్కడ అలా కాదు. ఉసిరి చెట్టుకు పూజ చేసి, దాని కిందే పట్టాలు పరిచి, విస్తళ్లు వేసి, అందరూ వరసగా నేల మీద కూర్చుంటారు. ఒక పెద్దావిడ హాసిని కోసం ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది. హాసిని దాని వంక చూసి, కూర్చోకుండా వాకర్ పట్టుకుని నిలబడిపోయింది.

"ఎండలో అలా నిలబడతావేంటి? కూర్చో" అన్నాను.

మాధురి నన్ను ఆపింది. హాసిని ఎదురుగా పీట జరుపుకుని కూర్చుంది. "హాసినీ, మీ అమ్మమ్మగారు మూడూళ్లు తిరిగి మా అందరి కాళ్లూ చూశారు. నిన్నెవరైనా అడిగారా? ఆపరేషనైతే ఈ కాళ్లతో నువ్వేం చెయ్యాలనుకుంటున్నావు?"

నేను అడగలేదు. వాళ్ల నాన్న అడగలేదు, అమ్మ అడగలేదు. ఇద్దరు డాక్టర్లూ, మేమూ మాట్లాడుకున్నదంతా నడక గురించే. హాసిని పదకొండు సెకన్లు ఆలోచించింది.

"బంతిలో కూర్చోవాలి. కుర్చీలో కాదు, కింద, ఆకు ముందు. జాహ్నవిలాగా, ఒరిగిపోకుండా. తర్వాత ఎవరూ లేపకుండా లేవాలి."

"మరి నడవడం?" అన్నాను.

"దానికి వాకర్ ఉందిగా అమ్మమ్మా" అంది, నాకేదో తెలియనట్టు.

"రెండోది తర్వాత చూద్దాం, మొదటిది ఇప్పుడే చేద్దాం" అంది మాధురి. నన్ను విస్తళ్ల వరసకు వీపు పెట్టి కూర్చోమంది. హాసినిని వరసలో దించి, దాని వీపు నా వీపుకు ఆనించింది. కాళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు పోయాయి, అయినా పిల్ల నిలిచింది. అలా నేను ఉసిరి చెట్టు మొదలు చూస్తూ, అందరికీ వీపు పెట్టి భోంచేశాను. నా డెబ్బై మూడేళ్లలో బంతికి గోడగా కూర్చోవడం ఇదే మొదటిసారి. వెనకనుంచి, "నాకింకో గారె", "నా ఆకులో పాయసం కారిపోతోంది" అని అరుపులు. ఇరవై రెండు నిమిషాలు కూర్చుంది. నా నడుం ఎలా ఉందని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాదు.

తిరుగు రైలు

రేపల్లెతో రైలు పట్టాలు అయిపోతాయి. రైలు వచ్చిన దారినే తెనాలికి తిరిగి వెళుతుంది. మధ్యాహ్నం ఖాళీ పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాం. వేమూరు దాటాక అల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, మరి రేపు పదింటికి ఖాయం చెయ్యమంటారా?"

"వద్దు బాబూ. నా నోట్‌బుక్ తప్పు."

"మీ నోట్‌బుక్కాండీ?" అన్నాడు.

"సగం తప్పు. మడమ నిద్రలో దిగుతోంది. ఈ సంగతి ఆ పెద్ద ఊరి డాక్టరమ్మకు చెప్పి, మళ్లీ పరీక్ష చేయిద్దాం. ఆవిడ చెప్పిందాన్ని బట్టి చేద్దాం. ఇంకొకటి. నడుస్తుందా అని కాదు అడగాల్సింది, కింద కూర్చుని లేస్తుందా అని అడగాలి. అది హాసిని మాట."

హాసిని నా మోచెయ్యి లాగింది. "అమ్మమ్మ నోట్‌బుక్ తప్పా? ఎక్కడా? ఏదీ, చూపించు!" దాని మొహంలో అంత సంతోషం కిరీటం పెట్టుకున్న వైష్ణవి మొహంలో కూడా చూడలేదు. ఇచ్చేశాను.

ఇది రాస్తున్నది డిసెంబరు మూడో వారంలో. పెద్ద ఊరి డాక్టరమ్మగారు హాసినికి మత్తిచ్చి పరీక్షించారు. స్నాయువు కురచ కాలేదు, బిగువే అన్నారు. తొడల్లో, పిక్కల్లో బలం చూశారు, వెన్ను స్కానింగ్ చూశారు. నరాల ఆపరేషను ఫిబ్రవరి పదిన. వాకర్ పోతుందని మాటివ్వలేనన్నారు. కూర్చోవడం సంగతి అడిగితే మాత్రం, "దానికి ఆశ బాగానే ఉంది, రోజూ వ్యాయామం చేయిస్తే" అన్నారు. పూటకు నలభై అయిదు నిమిషాలు, రెండు పూటలు. గడియారం దగ్గర కూర్చునే పని నాది.

ఆవిడ నోట్‌బుక్ తిరగేస్తూ నవంబరు పేజీ దగ్గర ఆగి, పైకే నవ్వారు. నేను తొంగి చూశాను. నా చేతిరాతలో ఒక వరస ఉంది: "నవంబరు 15, రేపల్లె బస్సు. హాసిని. నిద్రలో. రెండు కాళ్లూ 0."

దాని కింద వంకర అక్షరాల్లో ఇంకో వరస. తెనాలి చేరకముందు నాకు కాస్త కునుకు పట్టింది, అప్పటిదై ఉండాలి.

"నవంబరు 16, రైలు. అమ్మమ్మ. నిద్రలో. రెండు కాళ్లూ 0. గురక 52."